ఆరిపోకూడని ఫోను

"మళ్ళీ పెట్టావా?" అంది కూతురు, చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగి.

తల్లి డబ్బాలో కూర సర్దుకుంటోంది. రాత్రి కూతురు పీకేసిన ఛార్జరు తెల్లారేసరికి మళ్ళీ గోడకు చేరింది. దాని తీగ మట్టిమూకుడు మూత కిందున్న ఫోనుదాకా దూరి ఉంది. వారం నుంచి ఇంట్లో ఇదే తంతు. ఒకరు పీకడం, ఒకరు పెట్టడం.

"నిన్నే అడుగుతున్నానమ్మా."

"పెట్టాను. అయితే ఏంటి?"

"అయితే ఏంటా? దాని వెనక అద్దం చూశావా? మొన్నటిదాకా గోరు దూరేది. ఇప్పుడు చిటికెనవేలు దూరుతుంది. లోపల బ్యాటరీ ఉబ్బిపోయింది. ఛార్జింగ్ పెట్టేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. ఏదో ఒక పూట భగ్గుమంటే కొంపంటుకుంటుంది."

"అందుకేగా మూకుట్లో పెట్టాం."

"మూకుట్లో పెడితే నిప్పు మాట వింటుందా?"

"ఫోన్ని మూకుట్లో పెట్టిన కొంప మనదొక్కటే," అంది అత్తగారు మంచం మీంచి. "నూనె ఎప్పుడు పోస్తారా అని చూస్తున్నా."

కూతురికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. నవ్వితే వాదన ఓడిపోయినట్టే. అత్తగారు తన బటన్ ఫోను తీసి, వెనక మూత జరిపి, బ్యాటరీ గోటితో లాగి చూపించింది. ఆవిడకు ఫోన్ కట్ చేయడం ఇదొక్కటే తెలుసు. ఎంతమంది నేర్పినా ఎర్ర బటను ఏదో, పచ్చ బటను ఏదో గుర్తుండదు. అవతలివాళ్ళతో మాటలయ్యాయంటే బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టేస్తుంది. మళ్ళీ తనకు పని పడినప్పుడు వేస్తుంది.

"నా ఫోనే నయం. వద్దనుకుంటే పొట్ట తీసి బల్లమీద పెడతా. పాడైతే కొత్తది కొని వేస్తా. మీవన్నీ కడుపులు కుట్టేసిన ఫోన్లు."

"కుట్టేశారు కాబట్టే సన్నగా ఉంటాయి నానమ్మా. నీళ్ళు కూడా దూరవు. నీది కిందపడితే మూతొక మూల, బ్యాటరీ ఒక మూల, ఏరుకోడానికి వంగిన నువ్వొక మూల."

"పడితే ఏరుకుంటా. దాన్ని ఏరుకోగలరా మీరు?"

ఆ మాటతో ముగ్గురూ ఒక్కసారి ఆ గది వైపు చూసి, చూపులు తిప్పేసుకున్నారు.

అది ఆమె భర్త గది. గదంటే గది కాదు, వరండాకి తలుపు పెట్టించుకున్న చోటు. గోడకి రెంచీలు, పుల్లీలు, గ్రీజు డబ్బాలు ఎలా వదిలాడో అలాగే ఉన్నాయి. ఆయన లిఫ్టు మెకానిక్కు. పోయి ఏడాది దాటింది. ఫోను మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంకాలం దీపాలు వేయకముందు ఏదో ఒక కంపెనీ మెసేజి వచ్చినప్పుడు మూకుడు అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత పుట్టి, కాసేపుండి, పోతుంది. మూత తీసి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, జ్వరం తగ్గుముఖం పట్టిన నుదురులా. అద్దం ఏ రోజుకారోజు ఇంకాస్త పైకి లేస్తోంది. ఊపిరి పీల్చుకుని వదలడం మరిచిపోయినట్టు.

"లాక్ ఎవరికీ తెలియదు," అంది కూతురు గొంతు తగ్గించి. "నాన్న ఫోటోలు వేరేవాళ్ళ దగ్గర్నుంచి సంపాదిస్తానని బాబాయి అన్నాడు. అలాంటప్పుడు ఆ ఫోను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దేనికి పట్టుకుని వేలాడుతున్నావో అదైనా చెప్పమ్మా."

"నీకు షాపుకి టైమవుతోంది."

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఒక్క క్షణం తల్లి మొహం వైపు, కళ్ళకు నంబరు తేల్చలేని మనిషిని చూసినట్టు చూసి, వెళ్ళిపోయింది.

చెప్పేదేముంది? చెప్తే పిచ్చిదనుకుంటారు.

ఆ రోజు ఆయన ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గుంటలోకి దిగాడు. లిఫ్టు చివరగా ఆగే చోటుకి కింద, మనిషి లోతున ఉంటుంది ఆ గుంట. వానలకు చేరిన నీళ్ళు తోడి, అడుగున స్ప్రింగులు చూడాలి. సెలవురోజు, పైన ఎవరూ లేరు. గుండె అక్కడే ఆగింది. మధ్యాహ్నం అలవాటు కొద్దీ "తిన్నారా" అని అడగడానికి ఆమె ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తకపోయేకొద్దీ చేస్తూనే ఉంది. నేల కింద ఎక్కడో గంట మోగుతోందని కాపలా మనిషి వెతుక్కుంటూ వచ్చి, తలుపు సందులోంచి టార్చి వేశాడట. సగం నీళ్ళలో మునిగి, వెలుగుతూ, మోగుతూ ఉందట ఫోను. దాని పక్కనే ఆయన.

అంతకుముందు ఆయన దగ్గరున్నది మూత ఊడే రకం ఫోను. చేతిలోంచి జారితే చాలు, బ్యాటరీ ఎగిరిపడి నోరు మూసుకునేది. ఆ ఫోనే ఉండుంటే ఆ గుంటలో మనిషున్నాడని ఎప్పటికి తెలిసేదో. ఈ సంగతి ఆలోచించకూడదని ఆమె ఎన్నిసార్లో ఒట్టు పెట్టుకుంది.

ఫోన్ ఎత్తిన కాపలా మనిషి మొదట అడిగిన మాట ఆమెకింకా చెవుల్లో ఉంది. "ఎవరండీ మాట్లాడేది? ఇక్కడ గ్రౌండ్ ఫ్లోర్ అని పడుతోంది."

ఆ మాట ఏమిటో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. రెండు రోజుల తర్వాత, తీసుకొచ్చిన సామాను మధ్య ఆ ఫోను ఎక్కడుందో కనబడక తన ఫోను నుంచి చేసింది. బట్టల కింద వెలిగింది. తన నంబరుకి ఆయన పెట్టుకున్న పేరు అది. గ్రౌండ్ ఫ్లోర్.

కాపురం చేసినన్నాళ్ళూ ఆయన నోటివెంట ఒక్క ముద్దుమాట వచ్చి ఎరగదు. లిఫ్టుల గురించి మాత్రం అన్నం తింటూ కూడా చెప్పేవాడు. "కరెంటు పోనీ, నిప్పు అంటుకోనీ, ఏ దిక్కూ తోచకపోనీ, లిఫ్టు బ్యాటరీ మీద మెల్లగా దిగి గ్రౌండ్ ఫ్లోరుకి రావాలి. తలుపు అక్కడ తెరుచుకోవాలి. మిగతావన్నీ అంతస్తులే. అదొక్కటే నేల." ఆమె కూర వడ్డిస్తూ ఊఁ కొట్టేది. ఆ ఊఁ కొట్టిన మనిషికి ఆయన ఈ పేరు పెట్టుకుని జేబులో వేసుకు తిరిగాడని ఎవరికి తెలుసు?

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం తను పనిచేసే ఆసుపత్రి బట్టల గదిలో, చిరిగిన దుప్పట్లు కుట్టే మిషను పక్కన డబ్బా విప్పి, ఆయన నంబరుకి చేస్తుంది. ఆ వేళకు అత్తగారు వెనక గదిలో కునుకు తీస్తూ ఉంటుందని ఆమె లెక్క. ఎవరూ లేని గదిలో మూకుడు మూత కింద ఆ పేరు వెలుగుతూ ఉంటుంది. తను చూడకపోయినా వెలుగుతుంది. అది చాలు. జీతం రాగానే తన ఫోను కంటే ముందు ఆయన నంబరుకి రీఛార్జి చేయించేది అందుకే.

అద్దం లేవడం మొదలయ్యాక ఆమె ఊరుకోలేదు. ఇంట్లో చెప్పకుండా, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని రిపేరు దుకాణానికి తీసుకెళ్ళింది. మెకానిక్కు దాన్ని పక్కకి వంచి చూసి, బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"తీసి కొత్తది వెయ్యొచ్చమ్మా. వేడి చేసి అద్దం లేపి, అంటించిన జిగురు కొయ్యాలి. ఛార్జింగ్ పూర్తిగా అయిపోనిచ్చి తెండి. ఇంత నిండుగా ఉన్నదాన్ని ముట్టుకోను."

"ఆఫ్ అవకుండా మార్చలేరా?"

"ఆఫ్ అవకుండానా?" అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. "గుండె తీసి గుండె వేస్తూ మనిషిని నడవమన్నట్టు ఉంటుందమ్మా. తర్వాత ఆన్ చేస్తారు, లాక్ తెరుస్తారు, అంతే కదా."

"లాక్ తెలియకపోతే?"

"తెరిచేదాకా లోపల దాచుకున్నదేదీ బయటికి రాదు. ఫోనొస్తే మోగుతుంది. కానీ నంబరే పడుతుంది, పేరు పడదు."

ఆమె ఫోను తీసుకుని సంచిలో పెట్టుకుని వచ్చేసింది. ఆ వెలిగే పేరుని ఫోటో తీసుకోవచ్చు, ఆ మాత్రం తెలివి ఆమెకూ ఉంది. కానీ ఫోటోలో పేరు రాసి ఉంటుంది, అంతే. ఆయన పిలిచినట్టు ఉండదు.

ఆ పొద్దున గొడవ మనసులో పెట్టుకునే ఆ మధ్యాహ్నం మిషను ఆపి, డబ్బా మూత తీసి, నంబరు నొక్కింది. ఒక గంట, రెండో గంట. కిటికీ బయట తీగల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు గాలికి కడుపులు ఉబ్బించుకుంటున్నాయి. ఆమె అన్యమనస్కంగా వాటినే చూస్తోంది.

ఎత్తారు.

చేతిలో మూత అలాగే ఉండిపోయింది. ముందు ఊపిరి వినబడింది. బరువుగా, బాగా దగ్గరగా. దాని వెనక గోడగడియారం చప్పుడు. "తిన్నారా" అన్న మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. ఆ గడియారం తన ఇంటిదేనని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది.

"నాయనా," అంది ఫోను. అత్తగారి గొంతు. "నువ్వు రోజూ ఈ వేళకే చేస్తున్నావు. ఇక్కడే కూచుని వింటున్నా. ఎత్తాలంటే భయమేసి ఎత్తలేదు. ఇవాళ మనవరాలు చేసినట్టు అద్దం మీద వేలు రాశా. ఇంకా లోపలే ఉన్నావా?"

ఆమె ఫోనుని చెవికి ఇంకాస్త అదుముకుంది.

"మావాడికి ఫోనొచ్చిందంటే ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నట్టే. కంచం ముందు నుంచి లేచి పోయేవాడు. అవతల వాళ్ళు ఏడుస్తుంటే, ఏం కాదండీ, గాలొస్తుంది, తలుపు బాదకండి, వచ్చేస్తున్నా అనేవాడు. నేనూ అదే చెప్తున్నా. గాలొస్తుంది నాయనా. భయపడకు. కానీ వాడు రాడు. నీకెవరూ చెప్పినట్టు లేదు. ఇంకెవర్నయినా పిలుచుకో."

గడియారం చప్పుడు. మళ్ళీ ఊపిరి.

"మాట్లాడవేం? సరేలే, ఓపిక లేదేమో. నా మనవరాలు దీని తీగ పీకేస్తోంది. నువ్వు చేస్తే మోగాలి కదా అని ఒక్కోసారి నేనే మళ్ళీ గుచ్చుతున్నా. పాపం దాని తల్లి మీద పడుతోంది నింద. ఇవాళో రేపో దీన్ని పారేస్తారు. అందుకే చెప్పేద్దామని ఎత్తా. అబ్బ, చెవి కాలిపోతోంది. ఉంటా మరి."

ఫోను కట్ కాలేదు. ఏదో గీరుతున్న చప్పుడు వినిపించింది. గోరు చప్పుడు. ఆగి, మళ్ళీ గీరింది.

"దీని పొట్ట ఎక్కడుందో ఏమో," అని దూరంగా అత్తగారు గొణుక్కుంటోంది. "ఇదిగో, కాస్త లేచే ఉంది. ఏదన్నా సన్నటిది ఉంటే..."

ఆమె గబుక్కున కట్ చేసింది. తను కట్ చేస్తే ఆ ఫోను దానంతటదే ఊరుకుంటుంది, ఊరుకుంటే ఆవిడా ఊరుకుంటుంది. ఊరుకోకపోతే? అత్తగారి బటన్ ఫోనుకి చేసింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. పొద్దున చూపించడానికి ఊడదీసిన బ్యాటరీ బల్లమీదే ఉండి ఉంటుంది.

పక్క మిషను ఆవిడకు ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. డబ్బా అలాగే వదిలేసి రోడ్డెక్కింది. ఆటో వాడు ప్రతి మలుపులోనూ నిదానంగా పోతున్నట్టనిపించింది. వీధి మొదట్లోకి రాగానే తమ ఇంటి పైన ఆకాశం చూసింది. పొగ లేదు. అయినా మెట్లు పరిగెత్తే ఎక్కింది.

ఆయన గది తలుపు తీసే ఉంది. అత్తగారు ఆయన కుర్చీలో, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. చేతిలో ఆయన స్క్రూడ్రైవరు, అన్నిట్లోకీ సన్నటిది. దాని మొన అద్దం సందులో దూరి ఉంది. ఆ సందులోంచి పండు కుళ్ళినట్టు ఒక తియ్యటి వాసన వస్తోంది.

"ఏంటిలా వచ్చేశావు?" అంది అత్తగారు ఉలిక్కిపడి, స్క్రూడ్రైవరు చీర కొంగు కింద దాస్తూ. మిఠాయి దొంగిలిస్తూ దొరికిన పిల్లలా ఉంది మొహం.

"తలనొప్పి," అంది ఆమె. "అది ఇటివ్వండి అత్తయ్యా. మెల్లగా. వంచకండి."

"మోగింది. ఆపుదామని..."

"సరే. ఇవ్వండి."

రెండు చేతులతో అందుకుంది. బాగా వేడిగా ఉంది. అత్తగారి చెవి ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె చూడగానే ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది.

ఛార్జరు పీకి, ఫోనుని మూకుట్లో పెట్టి, బయట బాల్కనీలో గచ్చు మీదికి చేర్చింది. మూత వేయకుండా దాని ముందే గొంతుక్కూచుంది. లిఫ్టుల్లోంచి తీసిన పాత బ్యాటరీలను ఆయన ఇలాగే రెండు చేతులా మోసుకొచ్చి ఇదే గచ్చు మీద పెట్టేవాడు. ఇంకా పనిచేస్తున్నదాన్ని మార్చడమెందుకని ఒకసారి అడిగింది. "మనిషిని కిందికి దించడం దాని పని," అన్నాడు ఆయన. "దించింది. ఇంకా పనికొస్తుందిలే అని ఉంచుకుంటే రెండోసారి అదే మనిషిని మధ్యలో ఆపుతుంది." అప్పుడూ ఊఁ కొట్టింది.

ఆఖరిసారి ఒక్కసారి చేద్దామనుకుంది. ఎదురుగా ఉండి చూడొచ్చు. తన ఫోను తీసింది, నంబరు మీద దాకా వేలు వెళ్ళింది. కిటికీలోంచి అత్తగారు కనబడుతోంది. మంచం అంచు మీద కూచుని, ఎర్రబడిన చెవి బాల్కనీ వైపు ఒగ్గి, లిఫ్టు లోపల ఉన్నవాడు మళ్ళీ పిలుస్తాడేమోనని వింటోంది.

ఆమె ఫోను బొడ్డులో దోపుకుని లేచింది.

సాయంత్రం మరిది వచ్చాడు. అన్న పోయినప్పటి నుంచి వారానికొకసారి ఇక్కడే భోంచేస్తాడు. కూతురు కంచాలు పెడుతూ పొద్దుటి కోపం ఇంకా దింపుకోలేదు. గిన్నెలు కొంచెం గట్టిగానే పెడుతోంది.

"వదినా, పాప చెప్పింది," అన్నాడు మరిది కూర కలుపుకుంటూ. "నేను తప్పు పట్టట్లేదు. కానీ గుండెల మీద కుంపటి ఎన్నాళ్ళని పెట్టుకుంటాం?"

ఆమె అందరికీ వడ్డించడం అయ్యేదాకా ఆగింది. తనూ కూచుంది.

"ఛార్జరు తీసేశాను," అంది మామూలు గొంతుతో. "ఇక పెట్టను. మీరూ ఎవరూ పెట్టకండి. అదంతటదే ఖాళీ అయి ఆగిపోతుంది. ఆగాక తీసుకెళ్ళి లోపలిది తీయించేస్తాను."

కూతురు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గెలిచిన మనిషి మొహం కాదది. "ఆగిపోతే మళ్ళీ నాన్న వదిలినట్టు ఉండదమ్మా," అంది మెల్లగా.

"తెలుసు."

"నువ్వు దేనికోసం ఉంచావో చెప్పనే లేదు."

"చెప్తాలే. తిను."

కూతురు వచ్చి తల్లి పక్కనే, ఇరుకైనా సరే, కూచుంది. మరిది మంచినీళ్ళ గ్లాసు వదిన వైపు జరిపాడు.

"మరి ఆ లోపలున్నతను?" అంది అత్తగారు.

"ఎవరు నానమ్మా?" అంది కూతురు.

అత్తగారు మనవరాలి వైపు చూడలేదు. కోడలి వైపే చూస్తోంది.

"బయటికి వచ్చేశారు అత్తయ్యా," అంది ఆమె.

"నీకెవరు చెప్పారు?"

"మధ్యాహ్నం ఫోన్ చేశారు. ఎవరో పెద్దావిడ గాలొస్తుంది, భయపడకు అని చెప్పారట. ఆ తర్వాతే వచ్చారట."

అత్తగారు కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. మనవరాలు తెచ్చిన కళ్ళజోడు ఏనాడూ పెట్టుకున్న మనిషి కాదు, ఏం కనబడిందో మరి.

"మంచిదైంది," అని కంచం దగ్గరికి లాక్కుంది.